వెయ్, తియ్

తల్కవానో రేవులో జూలై అంటే నడి చలికాలం.
పంటు మీద డీజిల్ జనరేటరు, దాని పక్కన నేను,
నా కుడిచేతి కింద కత్తిలాంటి స్విచ్చి.
ఊపిరి గొట్టం, ఆక్సిజన్ గొట్టం, నల్లటి కరెంటు తీగ
మూడూ జడలా పేనుకుని నీళ్ళలోకి దిగిపోతాయి.
ఆ జడ చివర బెలార్మినో.
పద్దెనిమిది మీటర్ల లోతున, బురదలో
పక్కకి ఒరిగి పడున్న చేపల పడవని
ముక్కలుగా కోస్తున్నాడు.

అక్కడ చూపు పనికిరాదు.
ఎడమచేత్తో రేకు అతుకు తడుముకుని
బోలు కడ్డీ కొస దానికి ఆనించి
"వెయ్" అంటాడు.
వేస్తాను.
నెత్తిన బస్తా పడ్డ కూలీలా జనరేటరు మూలుగుతుంది.
నాకు కనపడేది బుడగలు,
వాటి అడుగున పల్చటి టీ రంగులో ఓ వెలుగు మచ్చ.
కడ్డీ కాలిపోవడానికి ముప్పావు నిమిషం.
"తియ్."
తీస్తాను.
కొత్త కడ్డీ. మళ్ళీ "వెయ్."

తొమ్మిదేళ్ళుగా మా ఇద్దరి మధ్యా ఈ రెండే మాటలు.
అతని భార్య నోల్ఫా ఓసారి చేపల అంగట్లో నిలదీసింది,
పొద్దస్తమానం చెవిలో ఏం గుసగుసలని.
చెప్పాను. నమ్మలేదు.

శిక్షణ తొట్టిలో నేనూ ఓ గాడి తీశాను ఒకప్పుడు.
నిప్పుని చూసి నీళ్ళే అరంగుళం వెనక్కి తగ్గాయి.
ఇనుము ఎర్రబడుతుందనుకున్నాను.
ఎర్రబడలేదు. ఉంది, అంతలో లేదు.
నీళ్ళు నిప్పుని ఆర్పుతాయని నాకు చిన్నప్పుడు నేర్పిన టీచరమ్మ
ఏమనేదో అది చూసుంటే.

పని నేర్పిన ముసలి ఉర్రుతియా అనేవాడు:
నీరు పల్లమెరుగు, గ్యాసు మిట్ట ఎరుగు.
కోతలో కాలని గాలి పైకి పాకి
ఏ పైకప్పు మూలో నక్కుతుంది, ఒక్క రవ్వ కోసం.
ముందు నెత్తిన చిల్లి పెట్టు, తర్వాత కడుపు కొయ్యి.
ఒకే ఒక్కరోజు తొందరపడ్డాడు ఆయన.
ఆ తర్వాత ఇరవై ఏళ్ళూ
మనుషుల పెదాలు చూసి బతికాడు.

పదకొండో రోజు, వంటగది గోడ.
"వెయ్." "తియ్." "వెయ్." "తియ్."
ఆ తర్వాత మాట లేదు.
ఊపిరి ఉంది. లోపలికి, బయటికి,
ఎవరో రంపాన్ని ఆగి ఆగి లాగుతున్నట్టు.
స్విచ్చి మీంచి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాను.
మేస్త్రీ ఓస్సెస్ వాచీ చూపించాడు.
క్రేను అద్దె గంటకెంతో వేళ్ళు మడిచి చూపించాడు.
నేను ఊపిరులు లెక్కపెడుతున్నాను.
నూట నలభై రెండు దగ్గర గొంతు వచ్చింది:
"కప్పులు కొక్కేలకే ఉన్నాయి."

ఎవరితో అన్నాడో తెలీదు.
"ఎన్ని?" అన్నాను.
అడక్కూడదేమో.
"ఆరు. ఒక కొక్కెం ఖాళీ."
మళ్ళీ ఊపిరి.
"వెయ్."

వేశాను. వెలుగు మచ్చ పక్కకి జరిగింది,
ఓస్సెస్ కాగితం మీద గీసిన గీత దాటి,
వంటగదిని చుట్టి, చాలా దూరం నడిచింది.
తొమ్మిది కడ్డీలు ఎక్కువ పట్టాయి.
చెమ్మెక్కాయి, పారేశాం అని ఖాతాలో రాశాను.

చీకటి పడేముందు పైకొచ్చాడు.
కరెంటుకి పంటి పూతలు పులిసిపోతాయి వాళ్ళకి.
రొట్టె కొరికి, పాత నాణెం నాకినట్టుందని పక్కన పెట్టాడు.
ఫ్లాస్కు మూతలో పోసిస్తాను టీ ఎప్పుడూ.
ఇవాళా మూతలోనే పోశాను. కప్పు ఉంది, తీయలేదు.

ఇల్లు చేరేసరికి రాత్రి.
గోడ తడిమితే స్విచ్చి దొరికింది.
వేలు దాని మీదే ఉంచి
అలాగే నిలబడ్డాను,
ఎవరూ ఏమీ అనడం లేదు.